నాయన దగ్గు మీద అప్పీలు

కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లోని ఆండర్సన్‌పేట ఆటోస్టాండులో జగదీష్‌కు మెత్తని మనిషని పేరు. పొద్దున మొదటి రైలుకు బెంగళూరు పనులకు పోయే ఆడవాళ్ళను స్టేషనుకు చేర్చేది అతని ఆటోనే. చిల్లర లేదంటే రేపిద్దురులే అంటాడు. ఎక్కడైనా గొడవ జరుగుతుంటే ఆటో వెనక్కి తిప్పుకుని ఇంకో వీధిలో పోతాడు. అలాంటివాడు ఇంటి ఓనరు మీద కేసు వేశాడని, అది ఓడిపోయి మళ్ళీ పై కోర్టుకు పోతున్నాడని తెలిసినప్పుడు స్టాండులో ఎవరూ నమ్మలేదు.

ఇదంతా వాళ్ళ నాయన రామాంజినప్ప దగ్గుతో మొదలైంది.

రామాంజినప్ప తండ్రి పలమనేరు పక్క పల్లె నుంచి బంగారు గని పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. రామాంజినప్ప కూడా గని మూసేసేదాకా భూమి అడుగున రాతికి రంధ్రాలు వేసే పనిలో ఉన్నాడు. ఆ రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. వయసులో ఉన్నంతకాలం దాన్ని దగ్గు అనుకున్నాడు. ముసలితనంలో అది మనిషినే మింగడం మొదలుపెట్టింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. పడుకుంటే ఊపిరాడదు, దిండ్లు ఆనించుకుని కూర్చునే కునుకు తీయాలి. అది అంటుకునే జబ్బు కాదు. కేజీఎఫ్‌లో ప్రతి వీధిలోనూ అలా దగ్గే ముసలివాళ్ళు ఒకరిద్దరు ఉంటారు.

జగదీష్ కుటుంబం తొమ్మిదేళ్ళు ఓబలప్ప ఇంట్లో అద్దెకుంది. ఓబలప్పదీ గని ఉద్యోగమే, కాకపోతే పైన ఆఫీసులో గుమాస్తా. రామాంజినప్పతో చాలాకాలం స్నేహంగానే ఉన్నాడు. ఇద్దరూ సాయంత్రాలు అరుగు మీద కూర్చుని గని కబుర్లు చెప్పుకునేవాళ్ళు. తరువాత ఓబలప్ప కొడుకు బెంగళూరు నుంచి వచ్చి, ఇల్లు ఎక్కువ అద్దెకిద్దాం, వీళ్ళను ఖాళీ చేయించమన్నాడు. జగదీష్ సరేనన్నాడు.

తాళం ఇచ్చే ముందు అతని భార్య ప్రేమ ఇల్లంతా ఫినాయిలు వేసి కడిగింది. మామ మంచం వేసే చోట గోడను సబ్బునీళ్ళతో రుద్ది రుద్ది తుడిచింది. పక్కింటి చిక్కమ్మ తన కొళాయి నుంచి నీళ్ళు మోసిచ్చింది. ఓబలప్ప గదులన్నీ తిరిగి చూసి, "బాగానే ఉండాది. అడ్వాన్సు తొందర్లో ఇస్తానప్పా" అని తాళం తీసుకున్నాడు.

ఇంట్లో చేరేటప్పుడు కట్టిన ఆ అడ్వాన్సు చేతికొస్తే గానీ ఇంకో ఇల్లు పట్టడానికి లేదు. అప్పటిదాకా అని ప్రేమ పిన్నమ్మ ఖాళీగా పెట్టిన గది ఒకటి అడిగి సామాను దించుకున్నారు. అది గని కూలీల కోసం వరసగా కట్టిన పాత లైన్లలోని ఇల్లు. పైన రేకులు, ముందు చిన్న వసారా, ఎదురుగా బంగారం తీసేశాక మిగిలిన రాతిపొడి కుప్పపోసిన సైనైడ్ దిబ్బ. గాలి వీస్తే ఆ దిబ్బ దుమ్ము అన్నం పళ్ళెంలో కూడా పడుతుంది. దగ్గే మనిషిని పెట్టుకుని ఉండాల్సిన చోటు కాదది.

వారాలు గడిచాక ఓబలప్ప కొడుకు ఫోన్ చేశాడు. జబ్బు మనిషి ఉన్న ఇల్లని కొత్తవాళ్ళు రావడానికి భయపడ్డారట. బెంగళూరు నుంచి క్లీనింగ్ వాళ్ళను పిలిపించి మందు కొట్టించారట, గోడలు గీకించి పెయింటు వేయించారట. అడ్వాన్సు దానికే సరిపోయిందట.

జగదీష్ పరుగున వెళ్ళి ఓబలప్పను అడిగాడు. "నువ్వే కదా మామా బాగానే ఉండాదంటివి?"

ఓబలప్ప అతని మొహం చూడలేదు. "నాకేమీ తెలీదప్పా. అంతా మావోడు చూసుకుంటాండాడు. వాడితోనే మాట్లాడు."

ఉచితంగా వాదించే లాయరును ఇస్తారని ఎవరో చెబితే జగదీష్ కోర్టుకు వెళ్ళాడు. సోమశేఖర్ అనే లాయరును ఇచ్చారు. ఓపికగల మనిషి. ఖాళీ చేసిన రోజున ఇల్లు ఎలా ఉందో చెప్పడానికి ఒక సాక్షి ఉంటే చాలన్నాడు. జగదీష్ చిక్కమ్మ దగ్గరికి పోయాడు. ఆమె గుమ్మంలోనే నిలబడి కన్నీళ్ళు పెట్టుకుంది.

"ప్రేమ కడిగింది నా కళ్ళారా చూసినానప్పా. అయితే నేనుండేదీ ఓబలప్ప ఇంట్లోనే కదా. ఈ వయసులో నన్ను వెళ్ళగొడితే యాడికి పోవాల?"

జగదీష్ ఇంకోసారి అడగలేకపోయాడు.

తీర్పు చెప్పే రోజు రామాంజినప్ప తానూ వస్తానని పట్టుబట్టాడు. తెల్ల చొక్కా వేసుకుని ఆటోలో వెనక కూర్చున్నాడు. కోర్టు ఆవరణలో చెట్టు నీడన ఆటో ఆపి జగదీష్ లోపలికి పోయాడు. తిరిగి వచ్చేటప్పుడు లాయరు కూడా పక్కనే మాట్లాడుతూ వచ్చాడు. కేసు పోయింది. ఓనరు అడ్వాన్సు పట్టుకున్నది న్యాయమేనని కోర్టు చెప్పింది.

"ఏమని రాసినారు సార్?" అని ఆటోలోంచి రామాంజినప్ప అడిగాడు.

ఆ ముసలాయన ఎవరో సోమశేఖర్‌కు తెలియదు. ఇంగ్లీషు కాగితం చూసుకుంటూ తెలుగులో చెప్పుకుపోయాడు. "ఇంట్లో ఉన్న రోగి ఉమ్మి, కఫం వల్ల గోడలు, నేల మలినమైపోయినాయి. ఇల్లు మనుషులు ఉండేదానికి పనికిరాకుండా పోయింది. కాబట్టి శుభ్రం చేయించిన ఖర్చు బాడుగకున్నోళ్ళే పెట్టుకోవాల."

జగదీష్ చేత్తో సైగ చేసేలోపే అంతా అయిపోయింది.

రామాంజినప్ప "మనుషులు ఉండేదానికి పనికిరాదనా?" అని మాత్రం అడిగాడు. అప్పటికి లాయరుకు సంగతి అర్థమైంది. తల దించుకున్నాడు.

ఆ సాయంత్రం రామాంజినప్ప తన చాప, దిండ్లు చంకన పెట్టుకుని వసారాలోకి వచ్చేశాడు. ఉక్కపోతగా ఉందేమోనని ప్రేమ అనుకుంది. మరుసటి రోజూ లోపలికి రాలేదు. అన్నం తెచ్చిస్తే అక్కడే తిన్నాడు. బూడిద పోసిన డబ్బా ఒకటి పక్కన పెట్టుకుని, దగ్గొస్తే తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకునేవాడు. డబ్బా తానే పారబోసుకునేవాడు, ప్రేమను ముట్టనిచ్చేవాడు కాదు.

"లోపలికి రా మామా, ఇక్కడ దుమ్ము కొడతాండాది" అని ఆమె బతిమాలింది.

"ఇది మీ పిన్నమ్మ ఇల్లమ్మా. దీన్ని కూడా చెడగొట్టినానంటే మిమ్మల్ని యాడ పెట్టేది?"

చలికాలం వచ్చింది. కేజీఎఫ్ చలి తెలిసినవాళ్ళకు ఆ వసారాలో ఒక ముసలివాడు ఎలా ఉన్నాడో వేరే చెప్పనక్కరలేదు. జగదీష్ గోనెపట్టాలు కట్టాడు. బతిమాలాడు, కోప్పడ్డాడు. ఒకసారి చేతులమీద ఎత్తుకుని లోపలికి తెచ్చి పడుకోబెట్టాడు. తండ్రి బరువు పసిపిల్లవాడి బరువంతే ఉంది. తెల్లవారేసరికి రామాంజినప్ప మళ్ళీ వసారాలోనే ఉన్నాడు.

జగదీష్ సోమశేఖర్ దగ్గరికి పోయి అప్పీలు వేయమన్నాడు.

"పై కోర్టులో కొత్త సాక్షులను అంత సులభంగా తీసుకోరప్పా" అన్నాడు లాయరు. "ఇంతకుముందు చెప్పుకున్నదాంట్లోనే వెతుక్కోవాల. తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ పెయింటు వేయించలేదని ఓబలప్పే ఒప్పుకున్నాడు. దాన్ని పట్టుకుంటే దుడ్డులో కొంచెమైనా వస్తాది."

"దుడ్డు రాకున్నా పోనీ సార్. ఆ మాట తీసేయించండి. ఇల్లు మనుషులకు పనికిరాకుండా పోయిందనే మాట."

సోమశేఖర్ ఆ మాటను కాగితం మీద రాసుకున్నాడు. "అడుగుతాను" అన్నాడు.

అప్పీలు నడుస్తుండగా కోర్టువాళ్ళు ఇద్దరినీ రాజీకి పిలిచారు. పొడుగాటి బల్లకు ఒక పక్క ఓబలప్ప, అతని కొడుకు. ఇంకో పక్క జగదీష్, ప్రేమ. సగం ఇస్తామని, అంతటితో ఇద్దరూ సంతకాలు పెట్టి కేసు ముగించుకుందామని కొడుకు చెప్పాడు. సగం వస్తే ఊళ్ళోనే ఇంకో ఇల్లు చూసుకోవచ్చు, ఆ దిబ్బ దుమ్ము తప్పుతుంది. ప్రేమ భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. "సంతకం పెట్టేయ్" అంది నెమ్మదిగా.

జగదీష్ ఓబలప్ప వైపు తిరిగాడు. "మామా, సగం కూడా వద్దు. మా నాయన ఇల్లు చెడగొట్టలేదని ఒక్క మాట ఈ కాగితంలో రాయించు. ఇప్పుడే సంతకం పెడతాను."

ఓబలప్ప పెదవులు కదిలాయి. కొడుకు అందుకున్నాడు. "అట్లా రాస్తే క్లీనింగ్ బిల్లు అబద్ధమని మేమే ఒప్పుకున్నట్టు అవుతాది. కుదరదు."

"నీకు తెలుసు కదా మామా ఆ దగ్గు యాడిదో" అన్నాడు జగదీష్. "అంటుకునేది కాదని మీవోడికైనా చెప్పలేదా?"

"చెప్పినానప్పా" అన్నాడు ఓబలప్ప. "ఇంట్లో నా మాట ఇంగ ఎవరు వింటారు?"

రాజీ కుదరలేదు. బయటికి వచ్చాక ప్రేమ బస్టాండు దాకా గబగబా ముందు నడిచింది. అక్కడ ఆగి, "నీకు మాట కావాల. నాకు మామను ఆ దుమ్ములోంచి లేపే ఇల్లు కావాల. ఇద్దరిలో ఎవరిది తప్పో నాకు తెలీటంలేదు" అని ఏడ్చింది. జగదీష్ ఆమెను బస్సెక్కించాడు. ఆ పూట బేరాలకు పోలేదు. స్టాండులో ఆటో వెనక సీట్లో ముడుచుకుని పడుకున్నాడు. తాను తండ్రి కోసం పోరాడుతున్నాడో, తండ్రిని చంపుతున్నాడో అతనికే తెలియలేదు.

మామిడి పూత రాలిపోయే రోజుల్లో అప్పీలు తీర్పు వచ్చింది. తొమ్మిదేళ్ళు పెయింటు లేని గోడలకు పెయింటు వేయించుకోవడం ఓనరు పనే కాబట్టి ఆ డబ్బు తిరిగి ఇవ్వాలన్నారు. క్లీనింగ్ ఖర్చు విషయంలో కింది కోర్టు చెప్పినదాంట్లో తాము కలగజేసుకోమన్నారు. అంటే ఆ మాట ఎక్కడున్నది అక్కడే ఉంది.

"అడిగినాను" అన్నాడు సోమశేఖర్. "గట్టిగానే అడిగినాను జగదీష్. వినలేదు."

"ఇంగా పైకి పోతే?"

"హైకోర్టంటే ఏళ్ళు పడతాది. ఇంత చిన్న కేసులో ఒక మాట కోసం వినేదీ కష్టమే." కొంచెం ఆగి, "మీ నాయన ఎట్లుండాడు?" అని అడిగాడు.

జగదీష్ తీర్పు కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. గాలి లేచి దిబ్బ మీద దుమ్ము తెరలు తెరలుగా పైకి వస్తోంది. రామాంజినప్ప గోడకు ఆనుకుని, తుండుగుడ్డ ముక్కుకు చుట్టుకుని కూర్చున్నాడు. ప్రేమ గుమ్మంలో నిలబడింది.

"ఏమన్నారప్పా?" అని ముసలాయన అడిగాడు.

దారి పొడుగునా జగదీష్ అనుకున్నది వేరు. ఉన్నది ఉన్నట్టు చెబుదామనే అనుకున్నాడు. తండ్రి కళ్ళు చూశాక నోరు వేరే మాట చెప్పింది.

"గెలిచినాము నాయనా."

"దుడ్డు వస్తాదా?"

"కొంచెం వస్తాది. ఆ మాట కొట్టేసినారు. నువ్వేమీ చెడగొట్టలేదని రాసినారు."

ప్రేమ చప్పున తల పక్కకు తిప్పుకుంది. రామాంజినప్ప కొడుకు మొహంలోకి చూశాడు. చాలాసేపే చూశాడు. తరువాత ఒక చెయ్యి నేలకు ఆనించి, ఇంకో చెయ్యి కొడుకు వైపు చాచాడు. జగదీష్ అతన్ని లేపి లోపలికి తీసుకుపోయాడు. ప్రేమ చాప పరిచి, దిండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చింది. "చల్లగా ఉండాదమ్మా ఇక్కడ" అని ముసలాయన కళ్ళు మూసుకున్నాడు.

వచ్చిన డబ్బుతో వాళ్ళు దిబ్బకు దూరంగా ఒక చిన్న ఇల్లు పట్టారు. రామాంజినప్ప ఆ ఇంట్లో ఒక వానాకాలం బతికాడు. పగలూ రాత్రీ లోపలే ఉన్నాడు, లోపలే తిన్నాడు. కాగితంలో ఏమి రాశారని మళ్ళీ ఎవరినీ అడగలేదు. కానీ దగ్గు తెర మొదలైనప్పుడల్లా, ఎంత ఆయాసంలో ఉన్నా సరే, గోడ పట్టుకుని లేచేవాడు. ఒక్కొక్క అడుగే వేసుకుంటూ గుమ్మం దాకా పోయి, తల బయట పెట్టి దగ్గి, మళ్ళీ వచ్చి పడుకునేవాడు. అలా లేవవద్దని జగదీష్ ఎన్నడూ చెప్పలేదు. వెనకాలే వెళ్ళి, పడిపోకుండా నడుము చుట్టూ చెయ్యి వేసి నిలబడేవాడు.