ఉరికిన కాడికి కాలువ

మొన్న ఆదివారం నేను చేసిన నిర్వాకం వినున్రి. పొద్దుగాల ఒక గంట ఉరికిన, అంతే! దొంగతనం చేయలే, ఎవర్నీ తిట్టలే. ఆ గంట ఉరుకుడుకే మా మండలాఫీసంత పరేషాన్ అయింది. నవ్వకున్రి, ముందుగాల చాయ్ తాగున్రి, చెప్త.

నాకు ఉరుకుడంటే చిన్నప్పటి సంది పిచ్చి. అమరచింతల హాస్టల్ల ఉంటుంటి. మా అమ్మానాయిన మేస్త్రీ వెంబడి వలస పోయేటోళ్లు, ఏడాదికి రెండుసార్లు కనవడితే గొప్ప. ఏడుపొచ్చినప్పుడల్ల గ్రౌండ్ సుట్టు ఉరుకుతుంటి. పదో తరగతిల ఎనిమిది వందల మీటర్ల పందానికి జిల్లా దాకా పోయిన, ఒట్టి కాళ్లతోని. సెకండొచ్చిన. ఫస్టొచ్చిన పిల్లకు తెల్ల బూట్లుండె. నిజం చెప్పాలంటే బూట్లు లేకున్నా ఆ పిల్లనే ముందొచ్చేదేమో! కానీ ఇరవై ఆరేండ్ల సంది తప్పంత బూట్ల మీదనే ఏసి బతుకుతున్న.

తర్వాత నౌకరి, పెండ్లి, పిల్లలు. ఉరికితే బస్సెంబడి ఉరికిందే. మండలాఫీసుల నాది ఇన్‌వర్డ్ సీటు. వచ్చిన అర్జీకల్ల నంబరేసి ముద్ర గుద్దుడే నా పని. చేతులు ముద్రలు గుద్దుతుంటయ్, కాళ్లు టేబుల్ కింద ఊకె ఆడుతుంటయ్. ఎందుకాడుతున్నయో నాకొక్కదానికే తెలుసు.

మార్చి మొదట్ల ఫోన్ల కనవడ్డయ్ ఆ బూట్లు. 'ట్రెయిల్ రన్నింగ్ షూస్, స్ప్రింగ్ సీజన్ కొత్త స్టాక్' అని. పచ్చటి కొండ, పూలు, ఆ పూలల్లకెళ్లి ఒకామె నవ్వుకుంట ఉరుకుతున్నది. మనకు స్ప్రింగ్ ఏడిదమ్మా! చలి పోయిన తెల్లారే ఎండ గొడ్తది. అయినా ఆ బొమ్మను వారం రోజులు చూసుకుంట కూసున్న. కూర మాడింది రెండుసార్లు. ఆఖరికి ధైర్యం చేసి బుక్ చేసిన. బూట్లు ఒక్కటే అయితే బాగుండు! మెరిసే చిలకపచ్చ రంగు టీషర్టు, టైట్ ప్యాంటు, టోపీ, ఎంత దూరం ఉరికినమో నొక్కి చూసుకునే చేతి గడియారం, వీపుకేసుకునే నీళ్ల సంచి, దాన్నుంచి నోట్లకొచ్చే సన్నటి పైపు.. అన్ని నొక్కిన.

"రాళ్లల్ల ఉరికే బూట్లా? గిప్పుడు ఏడికి ఉరుకుతవే?" అన్నడు మా ఆయన.

"ఏడికి లేదు, ఊకెనే."

"గట్లయితే మంచిదే. మల్ల ఇంటికే వస్తవ్ గదా" అని పేపర్ల తల పెట్టిండు.

పార్సిల్ వచ్చినాక రెండు దినాలు ఆ బూట్లేసుకొని వంటింట్ల నుంచి హాల్లకు, హాల్ల నుంచి వంటింట్లకు తిరిగిన. లేసులు కట్టుకుంటుంటే కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. నిజంగ చెప్తున్న. నలభై రెండేండ్ల మనిషి బూట్లు చూసి ఏడుస్తదా అంటే, నేనేడ్చిన.

ఆదివారం పదింటికి చర్చి. అంతల్నే వచ్చేద్దామని ఐదున్నరకు బయలెల్లిన. ఊరు దాటేదాక చున్నీ కప్పుకొని నడిసిన, దాటినాక నడుముకు కట్టి మొదలువెట్టిన. వంద అడుగులు ఉరికిన్నో లేదో, పాల క్యాన్లతోని నర్సింలు బండి పక్కకొచ్చి ఆగింది. మా ఊరి రైతే, బర్లున్నయి.

"రూతమ్మ మేడం! ఏమైంది? ఎవరికన్న సీరియస్సా? ఎక్కున్రి, దవాఖానకాడ దించుత!"

"ఏం గాలే అన్నా. ఊకెనే ఉరుకుతున్న."

"ఊకెనే ఎవరన్న ఉరుకుతరా మేడం? దాసకున్రి, ఎక్కున్రి."

ఆయన్ని పంపేసరికి ఆటో ఆగింది. ఆటోల కూసున్న ఆమె నన్ను చూసి ముందే ఏడుపు మొదలువెట్టింది, ఎవరు పోయిండ్రో అడగకుండనే! ఇగ లాభం లేదని రోడ్డు దిగి చేన్లల్లకు పోయిన. ఎట్లయినా బూట్లు వాటికోసమే చేసినయి గదా.

ఏం చెప్పాలె! కంది కోసిన చేన్లు, ఎర్రమట్టి, రాళ్లు, అడుగడుగుకు సర్కారు తుమ్మ. ఫొటోల ఉన్న పూలు లేవు గని, కాలు పట్టు తప్పుతలేదు. గాలి మొఖానికి తగులుతున్నది. హాస్టల్ గ్రౌండే యాదికొచ్చింది. ఎంత సంతోషమైందంటే గట్టిగ నవ్విన, ఒక్కదాన్నే. ఊపిరాడనప్పుడు ఆగి, గడియారం నొక్కి, నీళ్లు తాగి, మల్ల ఉరికిన.

ఇగో, ఈ నొక్కుడే కొంప ముంచింది.

మా దిక్కు సంగతి మీకు ఎరుకే. కాలువ పక్కూరి దాక వచ్చి ఆగింది, ఈ గడ్డ మీది చేన్లకు ఎక్కలే. ఏండ్ల సంది కాలువ సర్వే అని ఎవరో ఒకరొస్తరు. మెరిసే జాకెట్లేసుకొని కొలుస్తరు, రాళ్లు పాతుతరు, పోతరు. రాళ్లు కూడ పడిపోయినయి. గట్లాంటి కాడ మండలాఫీసు మేడం, మెరిసే అంగీతోని, ఆదివారం పూట రోడ్డు ఇడిసిపెట్టి చేన్లకడ్డం పోయి, ఆగిన కాడల్ల ఏదో నొక్కుతుంటే ఏమనుకుంటరు? నర్సింలు రోడ్డు మీద నిలవడి అంతా చూసిండు. ఫోన్ మీద ఫోన్ కొట్టిండు. నేను నాలుగో చేను దాటేసరికి ఎదురుంగ పది మంది!

"మేడం, కాలువ లైన్ గిట్లనేనా పోయేది?" అన్నడు నర్సింలు.

"ఏం లైనన్నా? నేను ఉరుకుతున్న, అంతే."

"చెప్పొద్దని పైనోళ్లు అంటరు. మాకు తెల్వదా?" అని కన్ను గొట్టిండు. పక్కకున్న పెద్దమనిషి దగ్గరికొచ్చి మెల్లగ, "జర గట్టెంబడి ఉరుకున్రి మేడం. నడిమిట్లకెళ్లి ఉరికితే నా చేను రెండు తుంటలైతది" అన్నడు.

"ఆయన గట్టెందుకు? నా గట్టెంబడి ఉరుకున్రి, ఎంత జాగ కావాలన్న ఇస్త" అన్నడు ఇంకొకడు.

పల్లేరుకాయలు తప్పించుకుందామని నేను జర పక్కకు జరిగితే, "గట్ల వంకరెందుకు పోతున్నవ్? నీళ్లు వంకర పారుతయా?" అని ఇంకొకాయన బాధపడ్డడు!

అప్పుడొచ్చింది చెన్నమ్మ. కందికట్టె ఏరుకుంటున్న ముసలామె, మోపు కింద పడేసి నా చెయ్యి పట్టుకున్నది. "నా చేను ఆ కొసకున్నదమ్మా. ఎవరొచ్చినా ఆడిదాక రారు, ఈడికెళ్లే మర్లిపోతరు. జర నా చేన్లకెళ్లి గూడ ఉరుకు, తల్లీ."

నేను కాదని చెప్పాలె. అప్పుడు గట్టిగ చెప్పి ఇంటికి పోయుంటే సరిపోతుండె. కానీ చూడున్రి, నా జన్మల మొదటిసారి ఒక మనిషి నన్ను 'ఉరుకు' అని బతిమాలింది. 'ఉరకకు, పడ్తవ్', 'ఆడపిల్లవి, మెల్లగ నడువు' అనేటోళ్లే గని, ఉరుకుమన్నోళ్లు ఎవరున్నరు? ఆగలేకపోయిన. ఉరికిన! చెన్నమ్మ చేను ఈ కొస నుంచి ఆ కొస దాక, కందికొయ్యల మీద, బలమంత పెట్టి. ఎనకకెళ్లి మగోళ్లందరు ఈలలు, చప్పట్లు. ఆ ఒక్క చేను మందం నేనే ఫస్టు.

కొసకు పోయి కూలవడ్డ. మోకాలు కలుక్కుమన్నది. బూట్ల నిండ పల్లేర్లు. చెన్నమ్మ మెల్లగ వచ్చి పక్కన కూసొని ఒక్కొక్కటి పీకుతుంటే నాకు సిగ్గయింది. ఉన్నదున్నట్టు చెప్పిన.

"అవ్వా, కాలువ లేదు, ఏం లేదు. చిన్నప్పటి సంది గిట్ల ఉరకాలనుండె. అందుకే ఉరికిన."

ఆమె చెయ్యి ఆగింది. "గంతేనా?"

"గంతే."

"ఎన్నేండ్ల సంది అనుకుంటున్నవ్?"

"ఇరవై ఆరు."

"నేను నీళ్ల కోసం ముప్పై దాటిన" అన్నది. కోపం లేదు మొఖంల. మల్ల పల్లేర్లు పీకుడు మొదలువెట్టింది. నాకైతే ఆడనే భూమిల కలిసిపోవాలనిపించింది.

చర్చికి పోలే. మా ఆయన మోకాలికి నూనె రాసుకుంట నవ్వి నవ్వి పొర్లిండు.

సోమవారం కుంటుకుంట ఆఫీసుకు పోయిన. నా టేబుల్ ముందట లైన్! అందరి చేతుల్ల అర్జీలు. బయట అర్జీలు రాసేటాయనకు పండుగ అయినట్టున్నది, అన్నిట్ల ఒక్కటే మాట: 'తమ ఆఫీసు మేడం గారు నిన్నటి దినము మా పక్క చేనులో పరుగెత్తినారు. మా చేనులో పరుగెత్తలేదు. కావున మా సర్వే నంబరులో కూడా పరుగెత్తించగలరని ప్రార్థన.' వాటికి నంబరేసి ముద్ర గుద్దాల్సింది ఎవరు? నేనే! ఒక్కొక్కటి గుద్దుతుంటే నా నెత్తి మీద నేనే గుద్దుకున్నట్టున్నది. పంతొమ్మిదిటికి గుద్దిన.

ఆఖరుకు చెన్నమ్మ. 'మా చేనులో పరుగెత్తినారు, కావున నీళ్లు ఇప్పించగలరు' అని రాయించి ఏలిముద్ర ఏసిన కాగితం ముందట పెట్టింది.

"అవ్వా! నీకు నిజం చెప్పిన గదా. వీళ్లకు చెప్పలేదా?"

"ఎందుకు చెప్తనే?" అని నా మీదికి వంగి మెల్లగ అన్నది. "ఒక్కొక్కలం వస్తే ముప్పై ఏండ్లు ఎవ్వలు ఇనలే. గిట్ల అందరు ఒక్కపారి రావుడు నేను గిప్పుడే చూస్తున్న. నువ్వు నోరు మూసుకొని ముద్రెయ్యి."

ఏసిన.

తహసీల్దారు సారు లోపలికి పిలిచిండు. మొదటి అర్జీ చదివి పడీపడీ నవ్విండు. పదోదానికి నవ్వు ఆగింది. అన్ని పక్కకు సర్ది, కిటికీలకెళ్లి బయట కూసున్నోళ్లను శానసేపు చూసిండు. "కాలువ మన చేతిల లేదు. ఇరిగేషన్ వాళ్లకు పంపుదాం, కానీ ఉత్త కాగితాలు కాదు. ఎవరి చేను ఏడున్నదో, నీళ్లు ఏడిదాక రావాలెనో తిరిగి చూసి రాసిన రిపోర్టుతోని పంపుదాం. ఎవరు పోతరు?" అన్నడు.

స్టాఫంత నా దిక్కే చూసిండ్రు. సారు పచ్చ ఇంకు పెన్ను తీసి రాసిచ్చిండు: 'రూతమ్మ, ప్రతి చేనుకు స్వయంగా పోవాలి.'

నన్ను ఎవరన్న ఉరుకుమంటరా అని ఇరవై ఆరేండ్లు ఆశపడ్డ. ఇప్పుడు సర్కారే సంతకం పెట్టి ఉరుకుమన్నది. నేనేమో మోకాలు వాచి, గీ చాయ్ గ్లాసు వంటింట్ల పెట్టి రావాలన్నా గోడ పట్టుకొని పోతున్న!