రెండు వందల ఇరవై బొమ్మలు

రోజూ జగ్గయ్యపేట నుంచి బస్సులో వెళ్ళి నందిగామ కాలేజీలో ఫిజిక్సు చెబుతూ, మిగిలిన టైములో పీహెచ్‌డీ చేస్తున్న రోజులవి. పరమాణువు నడుమ ఉండే ముక్కల్ని అతికించి ఉంచే కణాలు గ్లూవాన్లు. రెండు గ్లూవాన్లు గుద్దుకుని నాలుగు బయటికొచ్చే అవకాశం ఎంతో కట్టడం నా లెక్క. పాత పద్ధతిలో అది ఎన్ని రకాలుగా జరగొచ్చో అన్ని బొమ్మలూ గీసి, ఒక్కోదానికీ లెక్క చేసి కూడాలి. మొత్తం రెండు వందల ఇరవై బొమ్మలు. నాకు రెండేళ్ళు పట్టింది. పదకొండు నోటు పుస్తకాలు నిండాయి.

అంతలో కొత్త పద్ధతి వచ్చింది. బొమ్మలతో పనే లేదు, చిన్న గుద్దుళ్ళ జవాబుల్ని కలిపి పెద్దదాని జవాబు రాబట్టడమే. ఆ పేపరు చదువుతుంటే నాకు కూర్చోబుద్ధి కాలేదు. రెండేళ్ళ పని ఒక్క పేజీలో, మూడే మూడు ముక్కల్లో! అయితే ఒకే సంఖ్యలు వేసి చూస్తే పాత పద్ధతిలో నాకొచ్చిన జవాబూ, కొత్త పద్ధతిలో వచ్చిందీ కలవలేదు. సోమవారానికి కలవకపోతే ఆ అధ్యాయం తీసేయమన్నారు మా గైడు. అది పోతే థీసిస్‌లో మిగిలేది ముందుమాటే.

శనివారం సాయంత్రం బస్సులో మా కాలేజీ లెక్కల మేడమ్ పక్కన కూర్చుని నా గోడు వెళ్ళబోసుకున్నాను.

"ఈ కొత్త పద్ధతిలో లోపలికొచ్చే గ్లూవాన్లని కూడా బయటికెళ్ళేవాటిగానే రాస్తామండీ."

"అటువి ఇటు తెచ్చారన్నమాట. మరి గుర్తు మార్చారా? మా పిల్లలైతే అక్కడే మార్కులు పోగొట్టుకుంటారు."

"వేగానికి మార్చా..." అన్నాను. వాటి తిరుగుడుకి, అదే స్పిన్‌కి, మార్చలేదు!

చిల్లకల్లు దగ్గర బస్సు జగ్గయ్యపేట వైపు తిరిగేసరికి మూడు ముక్కలూ మళ్ళీ రాసేశాను. ఇంటికెళ్ళి, చెప్పులైనా విడవకుండా కాలిక్యులేటరు తీశాను. ఎనిమిది అంకెలూ కలిశాయి. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తి మా గైడుకి ఫోన్ చేశాను.

"కలిసింది సార్!"

"ఏది తప్పమ్మా, పాతదా, కొత్తదా?"

"రెండూ రైటే సార్. నేనే తప్పు."

ఆయన పెద్దగా నవ్వారు. "అయితే బొమ్మలన్నీ తీసెయ్. ఆ ఒక్క పేజీ చాలు."

నా రెండేళ్ళూ, పదకొండు పుస్తకాలూ. బాధపడాలనే అనుకున్నాను. "సరే సార్" అన్నది మాత్రం ఆయన మాట పూర్తికాకముందే నోట్లోంచి వచ్చేసింది.

సోమవారం బస్సెక్కి, రెండు గుద్దుకుని అయిదు బయటికొచ్చే ఏడు గ్లూవాన్ల లెక్క మొదలుపెట్టాను. పాత పద్ధతిలో దానికి రెండు వేల నాలుగు వందల ఎనభై అయిదు బొమ్మలు. నేను ఒక్కటీ గీయలేదు.