తీపి పడిన సముద్రం

మా ఇంట్లో ఏ పనికైనా ముందు జాబితా రాసేది నేనే. ముప్పై ఏళ్లు పత్తికొండ చుట్టుపక్కల పల్లెల్లో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని. చేతిలో కాగితం, పెన్ను లేకపోతే నాకు ఆలోచన సాగదు. ఇంకో జబ్బు కూడా ఉంది. ఎవరి మాటలోనైనా తప్పు కనిపిస్తే దిద్దకుండా ఉండలేను. ఒకసారి పెళ్లిపత్రికలో అక్షరం తప్పు పడితే, అక్షింతలు వేయకముందే పెళ్లికొడుకు తండ్రికి చెప్పి వచ్చాను. మా ఆయన దీన్ని ఎర్ర పెన్ను రోగం అంటాడు.

మొన్న చలికాలం చివర్లో రాసిన జాబితా మాత్రం నా జీవితంలోకెల్లా పొడవైనది. కర్నూలులో ఉండే మా అమ్మాయికీ అల్లుడికీ ఒకేసారి నాలుగు రోజులు సెలవు దొరికింది. బాపట్ల పక్కన సముద్రం ఒడ్డున మూడు గదుల ఇల్లు అద్దెకు ఇస్తారని, తలుపు తీస్తే ఇసుకేనని అల్లుడు ఫోన్‌లో ఫోటోలు పంపించాడు. వాళ్లిద్దరూ, వాళ్ల ఏడాదిన్నర పాప, నేను, మా ఆయన, మాతోనే ఉండే మా అమ్మ, అందరం పోవాలి. అమ్మకు ఎనభై దగ్గర పడుతున్నాయి. నాలుగు తరాల ఆడవాళ్లం ఒకే ఇంట్లో నాలుగు రోజులు ఉంటామన్న మాట. మా ఆయన ఫోటోలన్నీ ఓపిగ్గా చూసి, “నీళ్లు చూసేదానికి అంత దూరం యాంటికి? శ్రీశైలం డ్యాము ఉండాది గదా” అన్నాడు. ఆయన మాట ఎవరూ పట్టించుకోలేదు.

జాబితాలో సగం పాపదే. రాగిపిండి, పాలడబ్బా, జ్వరం మందు, రోజుకు ఆరు లెక్కన డైపర్లు, దోమతెర. అన్నిటికంటే ముఖ్యం మా అమ్మ పాత నూలుచీర. ఆ చీరతో కట్టిన ఉయ్యాలలో తప్ప పాప పగలు కన్ను మూయదు. అక్కడ ఉయ్యాల కట్టడానికి కొక్కెం ఉందో లేదో కనుక్కోమని అల్లుడి ప్రాణం తీశాను. ఆ ఇంటాయనకు అర్థం కాలేదో ఏమో, సోఫా ఫోటో పంపించాడు. మళ్లీ అడిగితే ఫ్యాను ఫోటో వచ్చింది. మూడోసారి ఆయనే ఫోన్ చేసి, మా వరండాలో దూలం ఉందమ్మా, ఏనుగును కట్టినా ఆగుతుంది అన్నాడు. అప్పుడు గానీ నాకు నెమ్మది కలగలేదు.

పాప గురించి ఇంకో సంగతి చెప్పాలి. మా వీధికి కుళాయి రెండు రోజులకొకసారి వస్తుంది. ఆ రోజు బిందెల వరసలో ఎవరి వంతు వాళ్లది. ఊళ్లో లేనివాళ్ల బిందె కూడా వరసలో ఉంటుంది, వాళ్ల వంతు పక్కింటివాళ్లు పట్టిపెట్టాలి. ఆ పద్ధతి మా అమ్మ దగ్గర ఎన్నడూ తప్పలేదు. పాప మా ఇంటికి వచ్చినప్పుడల్లా అమ్మ దాన్ని చంకలో వేసుకుని ఆ వరసలోనే నిలబడేది. గ్లాసులో నీళ్లు ఒలికితే వేలు చూపించి “ఒద్దు” అనేది. పాపకు వచ్చిన మొదటి నాలుగు మాటల్లో ఒద్దు ఒకటి. కుళాయి చుక్కలు కారుతుంటే దాని ముందు నిలబడి, చిట్టి వేలు ఊపుతూ “ఒద్దు, ఒద్దు” అని బెదిరించేది.

జాబితా పూర్తయిందనుకుని ఒక మధ్యాహ్నం అందరికీ వినిపిస్తున్నాను. అమ్మ గడప దగ్గర కూర్చుని శెనక్కాయలు ఒలుస్తోంది. ఆ వారం మా దగ్గరే వదిలిపెట్టిన పాప ఆ పొట్టు తల మీద పోసుకుంటోంది. తాగే నీళ్లు ఆరు క్యాన్లు అని చదివేసరికి అమ్మ చేతులు ఆగాయి.

“సముద్రం కాడికి పోతా నీళ్లు మోసుకోని పోయేది మిమ్మల్నే చూస్తాండా” అంది.

“సముద్రం నీళ్లు ఉప్పమ్మా.”

“ఒక తావ ఉప్పు ఉంటాది, ఒక తావ తీపి ఉంటాది. మన వీధిలో చూడల్యా? ఎదురింటి బోరు ఉప్పు పడె, మనది తీపి పడె. మీ నాయన నాకు చూపించిన తావ తీపి పడింది. మూడు దోసిళ్లు తాపినాడు నాకు. టెంకాయ నీళ్ల మాదిరి ఉన్న్యాయి.”

నేను నవ్వబోయి ఆగిపోయాను. మా అమ్మ సముద్రం చూసిందన్నది మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి. పెళ్లయిన మరుసటి ఏడు, ఆలూరు పక్క మా ఊళ్లో వానలే లేవట. బావి అడుగున బురద తోడుకుని వడపోసుకుంటున్న రోజుల్లో, కొత్త కోడలు ఒకరోజు కూర్చుని ఏడ్చిందట. మా నాన్న ఆమెను బస్సెక్కించి రెండు రోజులు తీసుకుపోయి సముద్రం చూపించాడు. ఆ తర్వాత ఆయన ఆమెను ఎక్కడికీ తీసుకుపోలేదు. నేను ఏడో తరగతిలో ఉండగా పోయాడు. అమ్మకు మిగిలిన ప్రయాణం అదొక్కటే. టీవీలో తుపాను వార్తలు వస్తే “ఆ నీళ్లు నాకు తెలుసు” అంటుంది. నాన్న కూడా రచ్చకట్ట మీద, నా పెండ్లానికి సముద్రం చూపించినోణ్ణి అని మీసం దువ్వడం నాకు బాగా గుర్తు.

“ఏ ఊరికి పోయింటిరమ్మా?” అన్నాను.

చెప్పింది. అనంతపురం పక్క, మా నాన్న మేనత్త ఊరు. పేరు చివర సముద్రం అని ఉంది. అట్లాంటి పేర్ల ఊళ్లు మా సీమలో చాలా ఉన్నాయి. పాతకాలం రాజులు పెద్ద చెరువు తవ్వించి, దానికి సముద్రమని పేరు పెట్టి పోయారు. అయినా ఆశ చావక అడిగాను.

“ఒడ్డున ఏముండె?”

“రాతి కట్ట. కట్ట మీద గంగమ్మ గుడి. ఆ పక్క కొండ కనపడతాండె. దాని నీడ నీళ్లల్లో పడితే ఎంత బాగుండెనో.”

నేను జాబితా మడిచి రవికలో దోపుకుని వంటింట్లోకి పోయాను. నలభై ఏళ్ల పైన అయింది నాన్న పోయి. ఆ రోజు ఆయన మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. పిల్లలాంటి పెళ్లాం ఏడిస్తే చెరువు చూపించి సముద్రమని నమ్మించాడు, పైగా ఊరంతా చెప్పుకున్నాడు. ఆమె దాన్ని కొంగున కట్టుకుని ఇన్నేళ్లు బతికింది. ఇప్పుడు నేనే బండి మాట్లాడి, డైపర్లు లెక్క వేసి, ఆమెను తీసుకుపోయి అసలు సముద్రం ముందు నిలబెట్టాలి. చూసిన మరుక్షణం ఆమెకున్న ఒక్క ప్రయాణం అబద్ధమైపోతుంది.

పోనీ ముందే చెబుదామా అనుకున్నాను. నోటి దాకా వచ్చింది. వాకిట్లోకి వచ్చి చూస్తే అమ్మ ట్రంకు పెట్టె తెరిచి రాగిచెంబు తీసింది. చింతపండు పెట్టి తోముతోంది.

“ఇదే చెంబు ఆ పొద్దు తీసకపోయింటి” అంది. “మీ నాయన నాకు తాపినట్ల పాపకు నేను మూడు గుక్కలు తాపల్ల.”

ఆ సాయంత్రమే అమ్మాయికి ఫోన్ చేసి, సముద్రం వద్దు, శ్రీశైలం పోదాం అన్నాను.  నాన్న నిన్ను కూడా మార్చేసినాడా అంది. అప్పుడు అంతా చెప్పాను. చెబుతూ చెబుతూ ఏడుపు వచ్చింది.

“మా, పోకుండా ఉంటే అవ్వకు బాధ ఉండదా? చెంబు తోముకోని కూర్చున్న్యాదంటివి కదా” అంది. “నువ్వు చెయ్యాల్సింది ఒకటే పని. ఆడ నోరు తెరవొద్దు. దిద్దొద్దు. అవ్వ సంగతి అవ్వ చూసుకుంటాది.”

కన్నకూతురు నాకు బుద్ధి చెప్పడం అదే మొదటిసారి కాదు గానీ, నేను విన్నది మాత్రం అదే మొదటిసారి.

అమ్మాయీ అల్లుడూ ముందు రాత్రే మా ఇంటికి వచ్చేశారు, తెల్లవారుజామున అందరం ఒకే బండిలో బయలుదేరాం. నంద్యాల దాటి నల్లమల ఘాట్ ఎక్కేటప్పుడు పాప రెండుసార్లు కక్కింది, ఒకసారి మా ఆయన చొక్కా మీద. గిద్దలూరు దగ్గర ఆగి బొరుగుల ఉగ్గాని తిన్నాం. మార్కాపురం దాటాక పాప నిద్రపోయింది. అమ్మ మాత్రం కిటికీ పక్కన చెంబు ఒళ్లో పెట్టుకుని ఒక్క కునుకు తీయలేదు. నీళ్ల క్యాన్లు వెనక సీటు కింద దొర్లుతున్నాయి. వాటిని చూసినప్పుడల్లా ఒక నవ్వు నవ్వేది. 

మధ్యాహ్నం మూడు దాటాక చేరాం. దూలం నిజంగానే గట్టిది. చీర ఉయ్యాల కట్టాం గానీ పాప ఎక్కలేదు. అప్పటికే వరండా మెట్ల మీద నిలబడి ఎదురుగా చూస్తోంది. అందరం ఇసుకలోకి దిగాం. అమ్మకు ఇసుకలో కాళ్లు దిగబడుతుంటే నేను చేయి పట్టుకున్నాను. 

అల వచ్చి పాప పాదాల ముందు విరిగి, నురుగు పరుచుకుని ఇసుకలో ఇంకింది. అన్ని నీళ్లు నేలపాలు కావడం ఆ బిడ్డ పుట్టి ఎరగదు. వేలు ఎత్తి సముద్రాన్ని గట్టిగా బెదిరించింది. “ఒద్దు. ఒద్దు.” ఇంకో అల వచ్చింది. పాప మా అమ్మ వైపు తిరిగి, నువ్వయినా చెప్పు అన్నట్టు చూసింది. అందరం పడీపడీ నవ్వాం. అమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే వంగి, చెంబు ముంచింది.

అల్లుడు కంగారుగా ముందుకు అడుగు వేస్తే మా అమ్మాయి అతని చొక్కా పట్టుకుని ఆపింది. మా ఇళ్లల్లో ఏదైనా చంటిపిల్లకు పెట్టేముందు పెద్దవాళ్లు రుచి చూస్తారు. అమ్మ చెంబెత్తి ఒక గుక్క నోట్లో పోసుకుంది. ఉమ్మలేదు. మింగింది. 

“ఈడ ఉప్పు పడిందే” అంది.

దిద్దాల్సిన మాటలన్నీ నా నాలుక మీదికి వచ్చాయి. మింగాను. అవీ ఉప్పగానే ఉన్నాయి.

“అవునమ్మా” అన్నాను. “ఈడ ఉప్పే.”

ఆమె చెంబులో నీళ్లు మెల్లగా వంచేసింది. తర్వాత కళ్ల మీద చేయి అడ్డం పెట్టుకుని దూరంగా చూసింది.

“ఆ పక్క కొండ యాడ?”

“లేదమ్మా.”

“కట్ట?”

“కట్ట ఉండదు.”

“ఆ పక్క ఊరన్నా ఉండల్ల గదా?”

“శానా దూరం. కనపడదు.”

 నేను ఆమె ముఖం చూడలేక చెంబు వైపు చూస్తున్నాను. అల మా కాళ్లను తడిపి వెనక్కి పోయింది, మళ్లీ వచ్చింది. మోసపోయానని ఏడుస్తుందేమో, నాన్నను తిడుతుందేమో, రెండింటికీ నేను ఇంట్లోనే సమాధానాలు తయారు చేసుకుని వచ్చాను.

“పాపం” అంది అమ్మ.

“ఎవరమ్మా?” అన్నాను.

“మీ నాయన. ఆయప్పకు గూడా తెలీదు మే. ఊరి పేరే సముద్రమాయె. వాళ్ల మేనత్తోళ్లు చెప్పింటారు, నమ్మినాడు. పెండ్లానికి సముద్రం చూపిస్తి అనుకుంటానే పోయినాడు. సముద్రం చూడల్యా ఆయప్ప గూడా.”

నేను ఇసుకలో కూర్చున్నాను. ఇన్ని రోజులు ఆయన్ను ఎర్ర పెన్నుతో కొట్టేశాను. ఆయనకూ తెలియకపోవచ్చన్న ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు. ఆలూరు పక్కన మెట్టచేను దున్నుకునే మనిషి సముద్రం ఎక్కడ చూసి ఉంటాడు? తనకు తెలిసిన నీళ్లలోకెల్లా పెద్ద నీళ్లు చూపించాడు. చనిపోయిన తండ్రిని క్షమించమని అడగడం ఎట్లాగో నాకు తెలియదు. అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకున్నాను.

పొద్దు దిగుతోంది. పాప బట్టలన్నీ తడిశాయి, ముక్కు కారుతోంది. జలుబు చేస్తుందని మా అమ్మాయి దాన్ని ఎత్తుకుంది. మా ఆయన టీ పెట్టించమంటూ ముందే ఇంటివైపు నడిచాడు. నేను లేచి ఇసుక దులుపుకుని అమ్మ భుజం మీద చేయి వేశాను.

“పోదాం పా అమ్మా. చూసినావు కదా, రేపు మళ్లా వస్తాము.”

“మీరు పోండి” అంది ఆమె, నీళ్ల మీదినుంచి చూపు తిప్పకుండా. “నా వంతు అయిపాయ. మీ నాయన వంతు చూస్తాండా.”