ఫౌంటెన్ తుంపర

నేను నిజామాబాద్‌లో నీళ్లు పరీక్షించే ల్యాబులో పనిచేస్తాను. ఒక ఎండాకాలం బోధన్ దారిలోని ఫంక్షన్ హాలుకు వెళ్లాను. అక్కడి వాచ్‌మన్ తల్లి నిమోనియాతో ఆస్పత్రిలో ఉండి, అప్పుడే ఇల్లు చేరింది. ఆమె రోజూ ఫౌంటెన్ పక్కన కూర్చుంటుందని తెలిసి డాక్టరుకు ఆ నీళ్ల మీద అనుమానం వచ్చింది.

చుట్టూ చెరుకు తోటలు. ఎండలో ఫౌంటెన్ మెల్లగా విచ్చుకుంటోంది. తుంపరలో చిన్న ఇంద్రధనుస్సు కనబడుతూ, చెరిగిపోతూ ఉంది. చెరుకాకుల సవ్వడి ఎక్కడ ఆగి నీటి సవ్వడి ఎక్కడ మొదలవుతుందో తెలియలేదు. మాస్కు కట్టుకుని, వచ్చిన పని మరిచి నిలబడిపోయాను.

వాచ్‌మన్ గది గడపలో బీడీలు చుడుతున్న అవ్వ, అతని తల్లి, పిలిచింది.

"ఏం సూస్తున్నవ్ బిడ్డా గట్ల?"

"నీళ్లల్ల పురుగున్నదేమోనని, అవ్వా."

"నేను గా నీళ్లు తాగనే లేదు గదా!"

"తాగితె కాదు. తుంపర ఊపిరిల పోతె వస్తది."

ఆమె చేతిలోని ఆకు చాటలో పెట్టేసింది. "మా ఆయన పోయినంక నాకు కన్నంటకపోయేది. గా నీళ్ల పక్కన కూసుంటెనే జర కునుకు వట్టేది."

తొట్టిలోని నీళ్లు సీసాలో పట్టాను. గొట్టం మూతిలోని పాకుడును దూదిపుల్లతో తీశాను.

నేను వెతుకుతున్న బాక్టీరియా ల్యాబులో తొందరగా మొలవదు. చాలా రోజులు ఎదురుచూశాక, ఒక పొద్దున నల్లటి ప్లేటు మీద బూడిదరంగు చుక్కలు కనిపించాయి, ఆవిరి పట్టిన అద్దంలా మెరుస్తూ. భయపడాల్సిన చోట నాకు ముచ్చటేసింది. అది నిమోనియా తెచ్చే లెజియోనెల్లాయేనని ఇంకో పరీక్షలో తేలింది.

ఫోన్ చేయగానే హాలు ఓనరు మోటారు ఆపించాడు. తొట్టి ఖాళీ చేసి, తోమి, బ్లీచింగ్ వేశారు. గొట్టాలు మార్చారు. తర్వాత తీసిన నమూనాలో ఏమీ మొలవలేదు. ఫౌంటెన్ మళ్లీ లేచింది.

ఆ కబురు చెప్పడానికి నేనే వెళ్లాను. అవ్వ హాలు వెనక, చెరుకు తోట గట్టు మీద చాప వేసుకుని కూర్చుంది.

"ఇప్పుడు మంచిగున్నయి అవ్వా, కూసోవచ్చు."

"నువ్వు సెప్తె నిజమే గని, నా పానం నమ్ముతలేదు బిడ్డా."

బలవంతపెట్టలేదు. ఆమె చాప మీద కొంచెం జరిగి చోటిచ్చింది. తన పెనిమిటి చెరుకు నరికే రోజుల్లో ఎట్లా పాడేవాడో చెప్పసాగింది. చెబుతూ చెబుతూనే కూర్చున్న చోటే నిద్రలోకి జారింది. లేపబుద్ధి కాక, ఆమె తల నా భుజం మీద ఆనించుకుని కూర్చున్నాను.