ప్రాసెసర్‌లో గేటు, చేతికి కట్టు

గిటారు వాయించేవాళ్ళలో చాలామందికి పాట కన్నా పెట్టె మీద మోజు ఎక్కువ. నాకు మరీ ఎక్కువ. కాలితో నొక్కే మల్టీ ఎఫెక్ట్స్ ప్రాసెసర్ కొన్న కొత్తలో, ఆఫీసు నుంచి పటమటలోని మా రెండు గదుల వాటాకి రావడం ఆలస్యం, చొక్కా కూడా మార్చకుండా దాని ముందు చతికిలబడేవాణ్ణి. "మీతో పాటు దానికీ కంచం పెట్టమంటారా?" అని మా ఆవిడ దెప్పేది. చెవులకి హెడ్‌ఫోన్స్ ఉన్నవాడికి దెప్పుళ్ళు వినపడవు కాబట్టి మా కాపురం సజావుగానే సాగింది.

నా ఎలక్ట్రిక్ గిటారు తీగ చేసిన చప్పుడు ఆ పెట్టెలోకి ఒక పక్క నుంచి దూరి, లోపల వరసగా ఉన్న ఎఫెక్టులన్నీ దాటుకుని, రెండో పక్క నుంచి వేషం మార్చుకుని బయటికొస్తుంది. ఒక ఎఫెక్టు దాన్ని గరుకుగా చేస్తుంది. డిలే అనేది అదే స్వరాన్ని మళ్ళీ మళ్ళీ పలికిస్తుంది. రివర్బ్ అనేది ఇరుకు గదిలో వాయించినా పెద్ద హాల్లో వాయించినట్టు వినిపించేలా చేస్తుంది. వీటన్నిటినీ మనకి నచ్చినట్టు తిప్పుకుని, ఒక పేరు పెట్టి దాచుకుంటే దాన్ని ప్యాచ్ అంటాం. మా అక్క పాడే ఒక్కో పాటకి నా దగ్గర ఒక్కో ప్యాచ్ ఉండేది. ఆ తేడా చర్చిలో ఎవరికీ తెలిసేది కాదు. అక్కకి మాత్రం తెలిసేది. "ఇవాళ ఏదో మార్చావు, నాకు మెత్తగా తగిలింది" అనేది. ఆ మాట కోసమే వారమంతా తిప్పేవాణ్ణి.

అక్క అత్తారిల్లు ఉయ్యూరు. పెళ్ళయిన నాటి నుంచీ అక్కడి చర్చిలో పాడుతోంది. నేను ఆదివారం ఉదయాన్నే గిటారు వీపుకి తగిలించుకుని, ప్రాసెసర్ని బండి ముందు పెట్టుకుని, బందరు రోడ్డు మీదుగా వెళ్ళేవాణ్ణి. అందరూ కలిసి పాడే పాటలు అయ్యాక చివర్లో మా ఇద్దరిదీ ఒక పాట ఉండేది. మా అమ్మ పొయ్యి దగ్గర పాడుకునే పాట అది. చాలా నెమ్మదిగా నడుస్తుంది. గిటారుని బాదితే చచ్చిపోతుంది, వేళ్ళతో ఒక్కొక్క తీగా మీటాలి. కీబోర్డుతో పాడమంటే అక్క ఒప్పుకునేది కాదు. "నువ్వైతే నాకోసం ఆగుతావు. కీబోర్డు వాయించే కుర్రాడు తరుముతాడు" అనేది.

ఆ చలికాలం పొలాల్లో పందిరి వేసి సభలు పెట్టారు. కరెంటు లేదు, జనరేటరు. పందిరి చుట్టూ సీరియల్ బల్బులు. గిటారు వైరు గుచ్చగానే స్పీకర్లన్నీ జుయ్యిమని ఒకటే గోల. పాస్టరుగారు మైకులోనే, "బ్రదర్, ఆ ఈగల్ని కాస్త తోలండి" అన్నారు. జనం నవ్వారు. నాకు తిక్క రేగింది. ప్రాసెసర్ మెనూలోకి వెళ్ళి నాయిస్ గేటుని బాగా పెంచేశాను. గేటు పని చాలా తేలిక. ధ్వని ఒక మట్టం కన్నా పెద్దగా ఉంటే తలుపు తీస్తుంది, చిన్నదైతే మూసేస్తుంది. జుయ్యిమనేది చిన్న చప్పుడు కనక బయటే ఆగిపోతుంది. దాన్ని ఏదో ఒక ప్యాచ్‌లో కాకుండా గ్లోబల్ సెట్టింగ్స్‌లో పెంచాను, అంటే ఏ ప్యాచ్ పెట్టినా అదే వర్తిస్తుంది. సభల్లో అన్నీ చప్పట్ల పాటలే. గిటారుని గట్టిగా బాదడమే తప్ప మీటడం లేదు. తేడా ఎవరికీ తెలియలేదు, నాకూ తెలియలేదు.

ఆ వారంలోనే బండి మీద నుంచి పడ్డాను. చెరుకు క్రషింగ్ రోజులు. ట్రాక్టరు నుంచి జారిపడిన గడలు రోడ్డు మీద పరుచుకుని ఉన్నాయి. ముందు చక్రం వాటి మీదకెక్కి జారింది. ఎడమ మణికట్టు విరిగింది. ఉయ్యూరు దగ్గర్లోనే కాబట్టి ముందు అక్కే వచ్చింది. మా ఆవిడ ఫోన్లో ఆసుపత్రి ఆసుపత్రి అని నెత్తీ నోరూ బాదుకుంటున్నా అక్క వినలేదు. "ఆపరేషనంటారు, రాడ్లంటారు. వీడు గిటారు వాయించేవాడు. నాటు కట్టే మంచిది" అని పక్క ఊళ్ళో కట్టు కట్టే ఆయన దగ్గరికి ఆటోలో తీసుకెళ్ళింది. ఆయన ఏదో పసరు, కోడిగుడ్డు తెల్లసొన పట్టించి, వెదురు బద్దలు పెట్టి, గుడ్డతో బిగించాడు. నేను అరిచిన అరుపుకి ఆయన ఇంటి ముందు కుక్క లేచి వెళ్ళిపోయింది.

కట్టు విప్పాక ఇంట్లో గిటారు పట్టుకున్నాను. అమ్మ పాట మొదలుపెట్టాను. స్వరం పుడుతోంది, నిలవడం లేదు. ఎవరో గొంతు నొక్కినట్టు సగంలో ఠక్కున ఆగిపోతోంది. ఎడమ చేతి వేళ్ళు తీగని సరిగ్గా అదమకపోతే స్వరం అలాగే చస్తుంది. ఆ సంగతి మొదటి పాఠంలోనే నేర్చుకుంటాం. ఇంకా గట్టిగా నొక్కాను. వేలి కొసలు కోసుకుపోయాయి, స్వరం నిలవలేదు. ప్యాచులన్నీ మార్చి చూశాను. డిలే పెంచితే ఆ తెగిన ముక్కే మళ్ళీ మళ్ళీ వినపడింది. రివర్బ్ పెంచితే తెగిన ముక్క పెద్ద హాల్లో మోగింది. ఎన్ని తిప్పినా గేటు వైపు మాత్రం పోలేదు. పోవాలని తోచలేదు. పెట్టె తీసేసి గిటారుని నేరుగా స్పీకరుకి పెట్టి చూడాలని కూడా తోచలేదు, ఎందుకంటే నేను ఎప్పుడూ అలా వాయించలేదు. చర్చిలో ప్రాసెసర్ నుంచి మిక్సర్‌కి, ఇంట్లో ప్రాసెసర్ నుంచి చెవులకి. నా చెవులకీ నా చేతికీ మధ్య ఎప్పుడూ అది ఉండేది.

పైగా కారణం అందరి నోటా సిద్ధంగా ఉంది. నాటు కట్టు. "నేను ముందే చెప్పాను" అని మా ఆవిడ. "ఎముక వంకరగా అతుక్కుని ఉంటుంది" అని బావ. "ఎక్స్‌రే తీయించకుండా కట్టు వేయించుకునేది మనవాళ్ళేనండీ" అని ఆఫీసులో సూపర్నెంటుగారు.  నేను ఉయ్యూరు వెళ్ళినప్పుడల్లా అక్క ఆముదం గోరువెచ్చగా చేసి, నా మణికట్టుకి రాసి, బొటనవేలితో రుద్దుతూ కూర్చునేది. అలా రుద్దుతుంటే చెయ్యి వెనక్కి తీసుకోవాలనిపించేది, తీసుకోలేకపోయేవాణ్ణి. నేను గిటారు మానేశాను. ఆదివారాలు వెనక వరసలో కూర్చునేవాణ్ణి.

వేసవిలో అక్కకి మెడ దగ్గర వాపు కనపడింది. థైరాయిడ్ గడ్డ అన్నారు. ఆపరేషన్ చేయాలి, గొంతుకి వెళ్ళే నరం పక్కనే ఉంది, ఎంత జాగ్రత్తగా చేసినా గొంతు మారే అవకాశం ఉంది అని డాక్టరుగారు విడమరిచి చెప్పారు. ఆసుపత్రి నుంచి మా ఇంటికొచ్చి కాఫీ తాగుతూ అక్క మామూలుగా అడిగినట్టు అడిగింది.

"ఒరేయ్, ఆ పాట ఒక్కసారి వాయించరా. నేను పాడతాను. ఫోన్లో పెట్టుకుందాం."

చర్చి వీడియోలు బోలెడున్నాయి. అన్నిట్లో అక్క గొంతు పదిమంది గొంతుల్లో కలిసిపోయి ఉంటుంది. మా పాట వచ్చేసరికి వీడియో తీసేవాళ్ళు కెమెరా మడిచేసేవాళ్ళు.

"నా చెయ్యి పలకట్లేదక్కా. చెత్తగా వస్తుంది. కీబోర్డుతో పాడు" అన్నాను.

"చెత్తగానే రానీరా."

"వద్దక్కా. నీ పాటని చెడగొట్టలేను."

ఇంకోసారి అడుగుతుందనుకున్నాను. అడగలేదు. నా మణికట్టు వైపు ఒకసారి చూసి కాఫీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆమె వెళ్ళాక మా ఆవిడ నాతో అంది: "ఎలా అడుగుతుందండీ? మీ చెయ్యి పాడుచేసింది తనేననుకుంటోంది కదా." ఆపరేషన్ బాగా జరిగింది. క్యాన్సరు గడ్డ కాదన్నారు, మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. గొంతు మాత్రం బొంగురుపోయింది. మాట్లాడితే తెలియదు. పాట ఎత్తుకుంటే పై స్వరం దగ్గర గాలి తప్ప ఏమీ రాదు. కొన్నాళ్ళు ప్రయత్నించి, ఆమె కూడా వెనక వరసకి వచ్చి నా పక్కన కూర్చుంది.

వానాకాలం చివర్లో ప్రాసెసర్ అమ్మేద్దామని ఆన్‌లైన్‌లో పెట్టాను. గుడివాడ నుంచి ఎవరో ఫోన్ చేసి, "అన్నీ పనిచేస్తున్నట్టు ఒక వీడియో పంపండి సార్" అన్నాడు. శనివారం మధ్యాహ్నం. వేరేవాళ్ళకి ఇచ్చే పెట్టెలో అక్క పాటల పేర్లు ఎందుకని, ముందు అన్నీ చెరిపేసి కంపెనీ నుంచి వచ్చినప్పటిలా రీసెట్ చేశాను. ఫోన్ ఆనించి పెట్టి, ఒక తీగ మీటాను.

మోగింది. మోగుతూనే ఉంది.

డిలే వల్లనుకుని తీసేశాను. రివర్బ్ తీసేశాను. ఒక్క ఎఫెక్టూ లేకుండా మళ్ళీ మీటాను. స్వరం నిండుగా లేచి, మెల్లగా సన్నబడి, దానంతట అదే అణిగింది. అప్పుడు పందిరి గుర్తొచ్చింది, జనరేటరు గుర్తొచ్చింది. మెనూలోకి వెళ్ళి గేటుని ఆ సభల్లో పెట్టినంత పెంచి మీటాను. స్వరం సగంలో ఠక్కున తెగింది. తగ్గించాను, నిలిచింది. పెంచాను, తెగింది. నా విరిగిన చెయ్యి ఆ బటన్‌లో ఉంది. ఎముకకి ఏమీ కాలేదు. కట్టు కట్టినాయన బ్రహ్మాండంగా కట్టాడు. మొదట కలిగింది సంతోషమే, అబద్ధమెందుకు. చెయ్యి బాగుందన్న సంతోషం. అది తీగ మోగినంతసేపు కూడా నిలవలేదు. అక్క కాఫీ గ్లాసుతో లోపలికి వెళ్ళడం కళ్ళ ముందుకొచ్చింది.

ఈ సంగతి అక్కకి చెప్పాలా వద్దా? చెబితే కట్టు భారం ఆమె మీద నుంచి దిగుతుంది. చెబితే, ఆ రోజు పాట రికార్డు అయ్యేదేనన్న సంగతీ తెలిసిపోతుంది. ఒకటి చెప్పి రెండోది దాచే దారి లేదు. మా ఆవిడ ఒకటే అంది: "ఆవిడ ఇంకా ఆముదం రాస్తూనే ఉందండీ." మర్నాడు గిటారు, ప్రాసెసర్, చిన్న స్పీకరు తీసుకుని ఉయ్యూరు వెళ్ళాను. చర్చి అయ్యాక అక్క నూనె గిన్నె తెచ్చుకుని నా చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది. రుద్దుతుండగానే చెప్పేశాను. పందిరి, గేటు, రీసెట్, అన్నీ.

అక్క బొటనవేలు ఆగింది.

"అంటే కట్టు సరిగ్గానే కట్టాడా?"

"సరిగ్గానే కట్టాడక్కా."

"ఏవండీ, విన్నారా? కట్టు మంచిదేనట! వీడి చెయ్యి బాగానే ఉందట!" అని వరండాలో ఉన్న బావకి వినపడేలా అరిచింది. ఆ బొంగురు గొంతులో అంత సంతోషం నేను భరించలేకపోయాను. కాసేపటికి ఆమె మొహం మారింది.

"మరి నేనడిగినప్పుడు కూడా బాగానే ఉందా?"

తలూపాను. నూనె చేతులు కడుక్కొస్తానని లోపలికి వెళ్ళింది. కుళాయి చాలాసేపు పారింది. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే మళ్ళీ అక్కే వచ్చి ఓదార్చాల్సి వస్తుందని ఆపుకున్నాను. కొంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"పెట్టె తెచ్చావుగా. వాయించు."

వాయించాను. అక్క పెదవులు కదపలేదు. ఆమె పాడాల్సిన వరసని నేనే తీగ మీద పలికించాను, ఆమె పాడినట్టే, ఆమె ఊపిరి తీసుకునే చోటల్లా ఆగుతూ. చరణం చివర ఆగగానే అక్క తల అడ్డంగా ఊపింది.

"అక్కడ ఊపిరి తీసుకోనురా. ఆ మాట పట్టుకుని లాగుతాను."

"ఎంతసేపు?"

చూసుకోవడానికి ఎక్కడా రికార్డు లేదు. అక్క కళ్ళు మూసుకుని, చూపుడు వేలు పైకెత్తింది. "నేను వేలు దించేదాకా" అంది.

గేటు పూర్తిగా తీసేశాను. స్వరాన్ని నిలబెట్టే కంప్రెసర్ని చివరిదాకా తిప్పాను. గట్టిగా నొక్కిపట్టి మీటాను. స్వరం లేచింది, నిలిచింది. అక్క మెడ మీద కుట్ల గీత సన్నగా కదులుతోంది, ఆమె లోపల ఎక్కడో పాడుతోంది. స్వరం సన్నబడింది. ఇంకా సన్నబడి ఆగిపోయింది.

అక్క వేలు ఇంకా దించలేదు.