ఎడమ యాభై, కుడి యాభై

మా ఇంట్లో చెవుడు నాకేనని మా ఆయన తీర్పు చెప్పేశాడు. సాయంత్రం సీరియల్లో అత్త నోరు తెరవగానే వెనక డప్పులు, వీణలు, గాలివాన అన్నీ కలిసి మోగుతాయి. మాట వినపడదు. "ఏమన్నది?" అని నేనడిగితే ఆయన మంచం మీద నుంచి కదలకుండా, "నాకు మంచిగనే వినవడుతాంది. నీ చెవులే పోయినయ్" అనేవాడు. ఆమె ఏమన్నదో మాత్రం చెప్పేవాడు కాదు.

ఈ మాట మా కోడలు నమ్మింది. "అత్తమ్మా, సోమవారం హన్మకొండ దవాఖానల నీ పేరు రాయించిన. చెవు మిషిన్ పెడుతరట" అన్నది.

నాకు మిషన్ వద్దు. మా వాడలో ఒకామె పెట్టుకుంది, ఆమె నవ్వినప్పుడల్లా చెవిలో కుక్కర్ కూస్తుంది. తప్పు టీవీదేనని తేల్చాలి. సోమవారానికి ఇంకా రెండు రోజులున్నాయి.

కోడలితో టీవీలోని అక్షరాలను తెలుగులోకి మార్పించాను. నేను చదువు నేర్చింది యాభై దాటాక, వయోజనుల బడిలో. అక్షరాలు వచ్చాయి గానీ ఒత్తులతో నాకు ఇప్పటికీ పడదు. ఒత్తు కనపడితే దాన్ని వదిలేసి ముందుకు పోతాను. అట్లాగే చదువుకుంటూ సౌండు ఉన్న చోటికి చేరాను. "సినిమా" అని ఉంటే నొక్కాను. గాలివాన తుఫానైంది. "ఆటలు" నొక్కితే అత్తాకోడళ్లు స్టేడియంలో నిలబడి పోట్లాడుతున్నట్టుంది. కింద ఇంకో మాట ఉంది. ఒత్తు తీసేసి చదివాను. సమతులం. దాని పక్కన ఎడమ యాభై, కుడి యాభై.

తులం సంగతి నాకొకరు చెప్పాలా? కేసముద్రం మార్కెట్లో ఏళ్ల తరబడి బస్తాలు కుట్టిన దాన్ని. తూకం అంటే తెలుసు. ఇక్కడ సౌండును ఇద్దరికీ సగం సగం తూచి పోస్తున్నారన్నమాట. నా కుర్చీ ఎడమ పక్కన, ఆయన మంచం కుడి పక్కన. సగమే వస్తే నాకు మాట ఎట్లా వినపడుతుంది? మొత్తం ఎడమకు తోశాను. కుడికి సున్నా. ఇప్పుడు అరవాల్సింది ఆయన.

అరవలేదు. ఎప్పటిలాగే తల ఊపుతున్నాడు.

"వినవడుతాందా?" అని గట్టిగా అడిగాను.

"ఎందుకు వినవడది?"

ఆయన వాటా ఇంకా ఎక్కడో మిగిలిందేమో అనుకొని, టీవీ నోరు మూసే బటన్ నొక్కాను. తెర మూలన అడ్డగీత కొట్టిన బాకా బొమ్మ వచ్చింది. ఫ్యాను చప్పుడు తప్ప ఇంట్లో ఇంకేమీ లేదు. ఆయన మాత్రం సీరియల్లోని కోడలిని మెచ్చుకుంటూ, "మంచిగ అడిగింది కోడలు" అన్నాడు.

"ఏమడిగింది?"

"నీకు వినవడకపోతే నేనెందుకు చెప్పాలె?"

"ఏమయ్యా, టీవీ నోరు మూసి జరసేపైంది."

ఆయన తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు. "గందుకేనా, ఇయ్యాల లొల్లి లేకుంట నిమ్మళంగున్నది" అన్నాడు.

టీ తాగాక ఒప్పుకున్నాడు. ఏడాదిగా వాళ్ల మూతులు చూసి కథ తానే అల్లుకుంటున్నాడట.

"మరి నాకు చెవుడని ఎందుకన్నవ్?"

"ఎవలో ఒక్కలను దవాఖానకు తోలుతరు గద. నిన్ను తోలిస్తే అయిపోతదనుకున్న."

సోమవారం ఆయన్ని తీసుకుపోయి, నా పేరు రాసిన చీటీ ఆయన చేతిలో పెట్టి కూర్చోబెట్టాను. డాక్టరమ్మ ఆయన రెండు చెవులూ చూసింది. మిషన్ కావాలన్నది. నేను లేవబోతుంటే, "ఈ చీటీల పేరు నీదే గదమ్మా, నువ్వు గూడ రా" అన్నది. ఉన్నది ఉన్నట్టు చెప్తాను. నాది ఎడమ చెవి సగం పోయిందట. ఇద్దరికీ రాసిచ్చింది.

బయటికొచ్చాక, "ఎవలికెక్కువ పోయిందట?" అని అడిగాడు. నీకేనని చెప్పాను. మళ్లీ అడిగాడు. మెట్లు దిగేదాకా చెప్తూనే ఉన్నాను.