ఠాణాలో తూచిన నల్లమందు

1974 వేసవిలో నన్ను ఆబ్కారీ శాఖ సబ్-ఇన్‌స్పెక్టరుగా హైదరాబాదుకు పడమటి పల్లెలకు వేశారు. గుడివాడ వైపు నుంచి వచ్చినవాణ్ణి. ఇప్పుడు అద్దాల మేడలున్న ఆ ప్రాంతమంతా అప్పుడు బండరాళ్లూ సీతాఫలం పొదలూ. నల్లమందు వాడేవాళ్ల మీద నిఘా ఉంచడం మా పనుల్లో ఒకటి. పాత అలవాటున్నవాళ్లకు మాత్రం డాక్టరు పరీక్ష చేశాక పర్మిట్ ఇచ్చేవారు. వాళ్లు నెలకోసారి లైసెన్సు దుకాణానికి వచ్చి, మా ఎదుట వేలిముద్ర వేసి, తూచి ఇచ్చిన మందు తీసుకోవాలి. పర్మిట్ ఉన్న మనిషికి తప్ప ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు.

ఆ పేర్లు పోలీసులకూ వెళ్లేవి. దాన్ని శాఖల మధ్య సహకారం అనేవారు. ఎక్కడ దొంగతనం జరిగినా ముందు వీళ్ల మీద పడేవారు. వెతికే శ్రమ కూడా లేదు. మందు ఇచ్చే రోజున దుకాణం ముందు నిలబడితే చాలు, వాళ్లే వస్తారు. ఆ తెలివికి నాకు ఒళ్లు మండేది.

ఆ ఏడాది బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో రాగి తీగ పోయింది. నేనూ, మా ఇన్‌స్పెక్టరు నరసింగరావుగారూ లింగంపల్లి దుకాణానికి చేరేసరికి లచ్చమ్మ అనే ఆమె గడప ముందు ఏడుస్తోంది. ఆమె భర్త రాజయ్యది గోపన్‌పల్లి. రాళ్లు కొట్టే మనిషి, నడుము నొప్పికి మొదలుపెట్టిన మందు.

"సారూ, మందు తీస్కోకముందే మా ఆయన్ని ఠాణాకు గుంజుకపోయిండ్రు. దొంగతనం ఒప్పుకొని ఏలిముద్ర ఏస్తే ఇడుస్తమంటున్నరు. మందు లేక వణుకుతుండు, ఆ వణుకుల ఏడ ఎయ్యమంటె ఆడ ఏస్తడు! మందు నాకియ్యుండ్రి, తీస్కపోత."

భార్య చేతికి మందు ఇవ్వడానికి రూలు ఒప్పుకోదండి అని ఇన్‌స్పెక్టరుగారితో అన్నాను. నరసింగరావుగారు టీలో చక్కెర తగ్గితే ఆఫీసు ఎగిరిపోయేలా కేకలేసే మనిషి. ఆ రోజు మాత్రం నెమ్మదిగా, "పర్మిట్ ఎవరిది? రాజయ్యది. మనిషి యాడున్నడు? ఠాణాల. అయితే ఇయ్యాల మన దుకాణం ఆడనే," అన్నారు. త్రాసూ, సీలు వేసిన మందు డబ్బా నా చేతికిచ్చి బయలుదేరారు.

ఠాణాలో రాజయ్య గోడకు ఆనుకుని ముడుచుకుపోయి ఉన్నాడు. ముక్కు కారుతోంది, పళ్లు టకటకలాడుతున్నాయి. బల్ల మీద ఒప్పుకోలు కాగితం, సిరాదిండు సిద్ధంగా ఉన్నాయి. మా ఇన్‌స్పెక్టరు ఆ కాగితాన్ని పక్కకు జరిపి అక్కడే త్రాసు పెట్టారు. స్టేషను అధికారి మొహం ఎర్రబడిపోయి, ఇది అంగడి కాదన్నాడు.

"మందు సర్కారుది, నేను సర్కారోన్ని. వద్దంటే గదే ముక్క రాసియ్యుండ్రి, మా పెద్దసారుకు చూపిస్త."

ఎవరూ రాసివ్వలేదు. మందు తూచారు. రాజయ్య వేలు పర్మిటు మీద ఆనించడానికి నేను పట్టుకోవలసి వచ్చింది. అతని వణుకు తగ్గేదాకా నరసింగరావుగారు కుర్చీలోంచి లేవలేదు. తగ్గాక, ఇప్పుడు అడగమన్నారు.

రాజయ్య లేచి నిలబడ్డాడు. "నేను తియ్యలే సారూ. పొద్దున గూడ గిదే చెప్పిన. మీరు ఇన్లే."

నేను నరసింగరావుగారి వైపు చూశాను. చేతిలో లాఠీ లేదు, పైవాళ్ల ఉత్తర్వు లేదు, రిటైర్మెంటు దగ్గర పడింది. అయినా మమ్మల్ని కట్టిపడేసే రూలుతోనే ఆయన ఒక మనిషిని నిలబెట్టారు. అంతటి ధైర్యం నా ఉద్యోగంలో మళ్లీ చూడలేదు.

సాయంత్రానికి రాజయ్యను వదిలేశారు. నరసింగరావుగారికి సంజాయిషీ అడుగుతూ పైనుంచి మెమో వచ్చింది. పర్మిటు ప్రకారం మందు ఇచ్చానని ఒక్క వాక్యంలో జవాబు రాసి పంపారు. మందు అందని మనిషి చేత పలికించినది సాక్ష్యం కాదని ఆ రోజు తెలుసుకున్నాను. ఆ తరువాత నేను ఎవరి వాంగ్మూలం తీసుకున్నా మొదట అడిగింది, మందు తీసుకున్నావా అనే.